సమ్మెట మేస్త్రి మోచెయ్యి

విజయవాడ ఆటోనగర్‌లో కోటాచారి అనే లారీ మేస్త్రి ఉండేవాడు. లొంగనిదేదైనా సరే, బలం పెట్టి లొంగదీయాల్సిందే అనుకోవడం అతని జబ్బు.

లారీల వంకర్లు తీయడం అతని పని. ఎక్కడో గుద్దుకుని నుజ్జునుజ్జయిన బండిని తెచ్చి అతని షెడ్డు ముందు పడేసేవారు. వంగిన రేకు, మెలి తిరిగిన రాడ్డు, పక్కకు ఒరిగిన బాడీ, ఏదైనా కానివ్వండి, అతని సమ్మెట దెబ్బకు దారికి రావాల్సిందే. అందుకే ఆ చుట్టుపక్కల అందరూ అతన్ని సమ్మెట మేస్త్రి అనేవారు. ఆ పేరు వింటే అతని మీసం దానంతటదే లేచేది. పనిలో అతనికి వంక పెట్టేవాళ్లు లేరు. చిక్కల్లా ఒక్కటే. ఆ సమ్మెటను షెడ్డులో పెట్టి ఇంటికి రావడం అతనికి చేతకాదు. సీసా మూత రాకపోతే సీసానే పగలగొట్టేవాడు. వానకు ఉబ్బిన తలుపు తెరుచుకోకపోతే కాలితో తన్నేవాడు. భార్య సరోజిని కంచం పెట్టడం కాస్త ఆలస్యమైతే, "ఇంకా ఎంతసేపు? వండుతున్నావా, వడ్లు దంచుతున్నావా?" అని కసిరేవాడు. మనిషి చెడ్డవాడు కాదండోయ్. ఆమెకు ఒళ్లు వెచ్చబడితే పని మానేసి మంచం పక్కనే కూర్చునేవాడు. ఆగడం అనేది ఒక్కటే అతని ఒంట్లో లేదు.

ఒకరోజు ఒక లారీ బాడీ మీద కూర్చుని తుప్పు పట్టిన బోల్టు ఒకటి విప్పుతున్నాడు. అది కదలనని మొండికేసింది. షెడ్డులో అతనితో ఏళ్లుగా పనిచేస్తున్న గౌస్ కింద నుంచి చూస్తున్నాడు.

"మేస్త్రీ, కాస్త కిరసనాయిలు పోసి వదిలేద్దాం. పొద్దుటికి అదే వదులవుతుంది," అన్నాడు గౌస్.

"పొద్దుటిదాకా దీనికి కాపలా కాయాలా? పైపు అందుకో."

స్పానరుకు బారెడు పైపు తొడిగి, కాళ్లు తన్నిపెట్టి, ఒళ్లంతా వెనక్కి వేసి లాగాడు. బోల్టు తల పుటుక్కున తెగింది. ఎదురు బలం లేకపోయేసరికి మేస్త్రి వెనక్కి వెళ్లి అంత ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీద పడ్డాడు. ఒంటి బరువంతా కుడి మోచెయ్యి మీద పడింది.

గౌస్ ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఎముకల డాక్టరు ఫణీంద్ర గారు ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూపించారు. కబురు విని పరుగెత్తుకొచ్చిన సరోజిని ఆ బొమ్మ వంక చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మోచెయ్యి పైన ఎముక చితికి ముక్కలై, ఆ పగులు కీలు లోపలిదాకా దిగింది.

"పిండికట్టు వేసేయండి డాక్టరు గారూ. పడుంటుంది," అన్నాడు కోటాచారి పళ్లు బిగబట్టి.

"ఇన్ని ముక్కలు కట్టులో సరిగ్గా కుదరవు. పైగా మోచెయ్యి చాలా పెంకి కీలు. ఎక్కువ కాలం కదలకుండా ఉంచితే అలాగే బిగుసుకుపోతుంది. ముక్కలన్నీ తీసుకొచ్చి సరిగ్గా పేర్చి, అటొక ప్లేటు, ఇటొక ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తాను. అప్పుడు తొందరగా కదిలించడం మొదలుపెట్టొచ్చు," అన్నారు డాక్టరు.

ప్లేట్లు, స్క్రూలు అన్న మాటలు వినగానే మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ఆపరేషన్‌లో అతనికి చేతి వరకే మత్తు ఇచ్చారు. ఒళ్లు మగతగా ఉన్నా చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. పచ్చ గుడ్డ అవతల గుర్రుమని డ్రిల్లు తిరుగుతోంది. తర్వాత స్క్రూ బిగుస్తున్న కిర్రుమనే చప్పుడు. అతను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వింటున్న చప్పుళ్లే.

"డాక్టరు గారూ, అది ఎంత సైజు బిట్టు?" అని అడిగాడు.

మత్తు డాక్టరు పక్కున నవ్వాడు. "మీరు కళ్లు మూసుకోండి మేస్త్రి గారూ," అన్నారు ఫణీంద్ర గారు గుడ్డ అవతల నుంచి.

కోటాచారి కళ్లు మూసుకున్నాడు గాని అతని బుర్ర మూసుకోలేదు. ఓస్, ఇంతేనా, ఇది మా షెడ్డు పనే కదా అనుకున్నాడు. అదిగో, అక్కడ పడింది ముడి.

నాలుగు రోజులకు ఫిజియోథెరపీ చేయించడానికి జ్యోత్స్న అనే అమ్మాయి వచ్చింది. సన్నగా, మెల్లగా మాట్లాడే పిల్ల. దిండు మీద అతని మోచెయ్యి ఆనించి, ఎడమ చేత్తో మణికట్టు పట్టుకుని ఎలా వంచాలో, ఎలా చాపాలో నేర్పింది.

"నొప్పి మొదలైన చోట ఆగిపోండి బాబాయ్ గారూ. బరువు ఎత్తొద్దు. ఎవరితోనూ లాగించుకోవద్దు. నూనె రాసి రుద్దించుకోవద్దు. ఈ మూడే ముఖ్యం," అంది.

అతను తలూపాడు. ఆమె గది దాటగానే భార్యతో, "పాపం, చిన్నపిల్ల. ఏదో చదువుకున్నది అప్పజెబుతోంది. రెండు ప్లేట్లు వేసి స్క్రూలు బిగించాక ఇంకా భయం దేనికే? మనం ఇనప పట్టీ వేసి బిగించిన బండి ఆ సాయంత్రమే ఇసుక లోడు మోస్తుంది," అన్నాడు.

ఇంటికి వచ్చాక అసలు కష్టం తెలిసొచ్చింది. చెయ్యి కొంచెమే వంగుతుంది, కొంచెమే చాపుకుంటుంది. మధ్యలో ఎక్కడో కొక్కెంలా ఆగిపోతుంది. చొక్కా వేసుకోలేడు. తల దువ్వుకోలేడు. అన్నిటికంటే చిన్నతనం అన్నం దగ్గర. ముద్ద ఎత్తితే గుండెల దగ్గరే చెయ్యి ఆగిపోయేది. ఎడమ చేత్తో తినడానికి మనసొప్పక, సరోజిని చేత తినిపించుకునేవాడు. ఎవరైనా చూడటానికి వస్తే ఆకలిగా లేదని చెప్పి కంచం లోపలికి పంపించేసేవాడు. ఈ చెయ్యి ఇంతేనేమో, జీవితాంతం నోరు తెరుచుకుని కూర్చోవాలేమో అని అతనికి బెంగ పట్టుకుంది. అటు మామిడికాయల సీజను దగ్గరపడుతోంది. షెడ్డుకు రావాల్సిన లారీలు పక్క షెడ్లకు మళ్లుతున్నాయని గౌస్ చెప్పకనే చెప్పాడు.

అలాంటి సమయంలో పాత స్నేహితుడు లాజరు వచ్చాడు. లాజరు లారీ డ్రైవరు. ఊరూరూ తిరిగే మనిషి కనుక ఏ రోగానికైనా ఒక వైద్యం అతని జేబులో ఉంటుంది.

"ఇదేనా నీ బాధ? మా బావమరిదికీ ఇలాగే అయింది. పొద్దునా సాయంత్రం నీళ్ల బకెట్ చేతికి వేలాడదీసుకున్నాడు. చెయ్యి లాగి కట్టిన తాడులా సాపైపోయింది," అన్నాడు లాజరు.

మేస్త్రి మొహం వెలిగిపోయింది. వంగినదానికి బరువు కడితే సాగుతుంది. ఇందులో అర్థం కానిదేముంది? పైగా నీళ్ల బకెట్ అతని హోదాకు తగిన వస్తువు కాదు. మర్నాడే షెడ్డుకు వెళ్లాడు. పనికిరాని పళ్లచక్రం ఒకటి మూల పడి ఉంది. దానికి తాడు కట్టి, మణికట్టుకు గుడ్డ చుట్టి, మోచెయ్యి బల్ల అంచున ఆనించి, గౌస్‌ను దాన్ని వేలాడదీయమన్నాడు.

గౌస్ నసిగాడు. "డాక్టరు గారు బరువు వద్దన్నారట కదా మేస్త్రీ."

"డాక్టరు గారు ఇనుము వేశారు. ఇనుము సంగతి నాకు వదిలెయ్."

కళ్ల ముందు చుక్కలు కనిపించాయి. అయినా పళ్లు బిగబట్టాడు. బరువు దించేసరికి చెయ్యి రెండు వేళ్ల మందం కిందికి దిగినట్టు అనిపించింది. ఇక అతని సంతోషం చూడాలి. ఇంటికి వచ్చి సరోజినికి చాపి చూపించాడు.

"ఆ అమ్మాయి వద్దంది కదండీ," అంది ఆమె భయంభయంగా.

"ఆ అమ్మాయి చెప్పినట్టు చేస్తే వచ్చే సంక్రాంతికి కూడా నువ్వే తినిపించాలి."

రెండో రోజు ఇంకో ఇనప ముక్క చేర్చాడు. మూడో రోజు ఇంకాస్త. ఆ రోజే లోపల ఎక్కడో టక్కుమంది. చప్పుడు పెద్దదేమీ కాదు, గౌస్‌కు వినపడనే లేదు. కోటాచారికి మాత్రం అది గుండెల్లో వినిపించింది. గంట తిరిగేసరికి మోచెయ్యి ఉబ్బి, ముట్టుకుంటే కాలిపోతూ, చిటికెన వేలు తిమ్మిరెక్కి, మొత్తం చెయ్యి ఎటూ కదలకుండా అయిపోయింది.

డాక్టరు గారు కొత్త ఎక్స్‌రే చాలాసేపు చూశారు. స్క్రూ ఒకటి తన చోటు నుంచి కొంచెం బయటికి జరిగింది. కోటాచారి తిట్లు తినడానికి సిద్ధమై తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన తిట్టలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"మేస్త్రి గారూ, ఇనప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఏమవుతుంది?"

"తెగిపోద్దండి."

"ఈ ప్లేటూ అంతే. ఎముక అతుక్కునేదాకా ముక్కల్ని పట్టుకుని ఉండటమే దాని పని. బరువు మోయాల్సింది చివరికి ఎముకే. మీరు బండికి వేసే పట్టీ కింద ఇనుము ఎన్నాళ్లున్నా తనంతట తాను అతుక్కోదు. ఎముక అతుక్కుంటుంది. దానికి ప్రాణం ఉంది. లోపల అది దాని పని చేసుకుంటోంది. మీరు మధ్యలో వెళ్లి దాన్ని లాగేస్తున్నారు."

కోటాచారి ఉబ్బిన మోచెయ్యి వంక చూసుకున్నాడు. "ఇక ఈ చెయ్యి వస్తుందా అండీ?" అని అడిగాడు.

"ఇవాళ చెప్పలేను. వాపు తగ్గేదాకా చేతికి కట్టు వేసి ఉంచుదాం. ఇంకో స్క్రూ కదిలితే మళ్లీ తెరవాలి. రెండోసారి తెరిస్తే కీలు ఇంకా బిగుసుకుంటుంది. అందాకా పోకూడదనే నా ఆశ."

ఆ మాటతో మేస్త్రి నీరుగారిపోయాడు. ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కొన్నాళ్లకు వాపు తగ్గింది. చెయ్యి కదిలించడం మళ్లీ మొదలుపెట్టమని డాక్టరు గారు చెప్పారు. అయితే ఈసారి కథ అడ్డం తిరిగింది. ఏ చేతికి ఇనుము వేలాడదీశాడో ఆ చేతిని ఇప్పుడు గాలి తగిలినా దాచుకుంటున్నాడు. జ్యోత్స్న మణికట్టు ముట్టుకుంటే చాలు, ఒళ్లంతా బిగుసుకుపోయేది.

"టక్కుమంటుందమ్మా. వద్దమ్మా," అనేవాడు.

"ఇప్పుడు కదిలించకపోతే కూడా నష్టమే బాబాయ్ గారూ. లోపల అంతా గట్టిపడిపోతుంది," అని ఆమె ఎంత చెప్పినా అతని చెవికెక్కలేదు. పాపం, అతనికి తెలిసిన దారులు రెండే. బలంగా లాగడం, లేకపోతే వదిలేయడం. ఆ రెంటికీ మధ్యన ఒక దారి ఉంటుందని అతనికి ఎవరు చెబుతారు?

ఎవరూ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర అతనే చూశాడు.

గోంగూర పప్పులో నెయ్యి వేసి కలిపి, సరోజిని ముద్దలు పెడుతోంది. అతనికి ఆ తిండి మీద ధ్యాస లేదు. త్వరగా అయిపోతే గోడవైపు తిరిగి పడుకోవాలని ఉంది.

"ఊఁ, పెట్టు," అన్నాడు బుగ్గన ముద్ద ఉండగానే.

"ముందు అది మింగండి."

"మింగుతాలే. పెట్టు తొందరగా."

ఆమె చేతిలో ముద్ద పట్టుకుని అలాగే ఆగింది. "నోట్లో ఉండగానే ఇంకోటి కుక్కితే పొలమారదూ? మింగాక పెడతాను. నాకేం తొందర?" అంది మామూలుగా.

అతను తలెత్తి ఆమె మొహం చూశాడు. ఆపరేషన్ అయిన దగ్గర నుంచి రోజూ అదే చెయ్యి, అదే ఆగడం. అతను నమిలేదాకా, మింగేదాకా, ఒక్కోసారి అలిగి మొహం తిప్పుకుంటే మళ్లీ ఇటు తిరిగేదాకా ఆమె అలా ముద్ద పట్టుకుని కూర్చునే ఉంది. ఆమె అన్నం రోజూ చల్లారిపోతూనే ఉంది. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు, అలాగని పెట్టడమూ మానలేదు. తను మాత్రం పెళ్లయిన నాటి నుంచి ఈ మనిషిని తొందరపెట్టని పూట లేదు. అది తలుచుకునేసరికి కోటాచారి కళ్లు నిండిపోయాయి.

"ఏమైందండీ? కారం ఎక్కువైందా?" అని ఆమె కంగారుపడింది.

"లేదే. నిన్ను చాలా కసిరాను సరోజినీ. ఇన్నేళ్లూ కసురుతూనే ఉన్నాను," అన్నాడు.

"ఇప్పుడెందుకండీ అవన్నీ. తినండి," అంటూ ఆమె చేతిలోని ముద్ద అతని నోటికి అందించింది.

మర్నాడు జ్యోత్స్న రాగానే అతనే దిండు తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. "అమ్మా, నువ్వు ఎంతంటే అంత. అంతకు మించి లాగను, అంతకు తగ్గించను. చెప్పు," అన్నాడు.

ఆ అమ్మాయి నవ్వింది. "నొప్పి మొదలైన చోట ఆగి, ఊపిరి వదులుతూ అక్కడే కాసేపు ఉండండి. చెయ్యి వదులైతే ఇంకొంచెం వెళ్దాం. కాలేదా, ఇవాళ్టికి అక్కడే చాలు."

చెప్పడం సులువే. చేసేవాడికి కదా తెలిసేది! కొన్నాళ్లు కొంచెం వంగేది. కొన్నాళ్లు నిన్న వంగినంత కూడా వంగేది కాదు. ముసురు పట్టిందంటే లోపలి ఇనుము సలుపు పెట్టేది. కోపం ముక్కు మీదికి వచ్చేది. అప్పుడు చెయ్యి దిండు మీదే ఉంచి, కళ్లు మూసుకుని, సరోజిని ముద్ద పట్టుకుని ఆగిన తీరు తలుచుకునేవాడు. ఆ కోపం మెల్లగా దిగేది. చెయ్యి కూడా, నమ్మండి నమ్మకపోండి, అప్పుడే కాస్త వదులయ్యేది.

ఈ మధ్యలో లాజరు మళ్లీ వచ్చాడు. ఈసారి అతని జేబులో పక్క జిల్లాలో మర్దన చేసే మనిషి ఒకాయన ఉన్నాడు. మూడు పట్లు పడితే చాలట, చెయ్యి గిర్రున తిరుగుతుందట.

"లాజరూ, నువ్వు నా మంచికే చెబుతున్నావు. నీ మీద నాకు కోపం లేదు. ఈ చేతిని దాని తీరుకే వదిలేశాను. కూర్చో, టీ తాగి వెళ్లు," అన్నాడు కోటాచారి.

సమ్మెట మేస్త్రి నోట ఆ మాట విని లాజరు అతని నుదురు ముట్టుకుని చూశాడు, జ్వరం గాని ఉందేమోనని.

వానలు వెనకబట్టాయి. ఒకరోజు చొక్కా పై బొత్తాం దాకా వచ్చిన చెయ్యి ఇంకోరోజు గడ్డానికి తగిలింది. చలికాలం మొదట్లో తీసిన ఎక్స్‌రేలో పగుళ్ల గీతలు కలిసిపోయాయి. జరిగిన స్క్రూ జరిగిన చోటే బుద్ధిగా ఉండిపోయింది.

"ఎముక అతుక్కుంది మేస్త్రి గారూ. మళ్లీ తెరిచే పని లేదు. చెయ్యి పూర్తిగా మాత్రం చాపుకోదు. చివర్న కొంచెం వంకర ఉండిపోతుంది. పెద్ద సమ్మెట ఇక మీ గౌస్‌కు ఇచ్చేయండి," అన్నారు ఫణీంద్ర గారు.

ఆ వంకరలో కొంత తను చేతులారా తెచ్చుకున్నదేనని కోటాచారికి తెలుసు. మనసు కలుక్కుమంది. లోకంలో అన్ని వంకర్లూ తీసినవాడికి తన ఒంట్లో ఒకటి మిగిలిపోయింది. అయినా పేచీ పెట్టలేదు. ఆయనకు దణ్ణం పెట్టి ఇంటికి వచ్చాడు.

సరోజిని మామూలుగా కంచంలో అన్నం కలపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. కుడి చేత్తో తనే కలిపాడు. ముద్ద చేసి ఎత్తాడు. చెయ్యి గుండెలు దాటింది, గడ్డం దాటింది. నోటికి కాస్త ఇవతల ఆగింది. పూర్వపు కోటాచారి అయితే అక్కడ బలం పెట్టేవాడే. ఇప్పుడు అతను ఆగి, ఊపిరి వదిలి, తలే కొంచెం కిందికి దించాడు. ముద్ద నోట్లో పడింది. ఉత్త పప్పన్నమే. అంత రుచిగల అన్నం అతను ఏ పెళ్లిలోనూ తినలేదు.

సరోజిని కొంగుతో కళ్లొత్తుకుంటోంది. అతను రెండో ముద్ద చేసి ఆమె వైపు చాపాడు.

"ఇదేం చోద్యమండీ ఈ వయసులో," అంది ఆమె సిగ్గుపడుతూ.

"ఇలా రా."

చెయ్యి పూర్తిగా చాపుకోదు కదా, ఆమె నోటికి ఇంకా బెత్తెడు దూరం ఉండిపోయింది. అతను ముద్ద పట్టుకుని అలాగే ఆగాడు. తొందరపెట్టలేదు, కసరలేదు. ఆ బెత్తెడు దూరం ఆమే ముందుకు వంగి నోట్లో పెట్టించుకుంది. ఆమె నమిలి మింగేదాకా అతను ఇంకో ముద్ద కలపలేదు.

కాబట్టి ఇనుమును బలంతో సాపు చేయొచ్చు గాని, ప్రాణమున్నదాన్ని, అది ఎముకైనా మనిషైనా, ఓపికతోనే బాగుచేసుకోవాలి.